పాతబస్తీలో కూచుని టెక్సాస్ బందూకు బేరం

మీలో ఎవరికైనా జింకను కొట్టే రైఫిలు చవకలో కావాలంటే మా షాలిబండ వైపు మాత్రం రాకండి. ఇక్కడ గాజులు దొరుకుతాయి, ముత్యాలు దొరుకుతాయి, అత్తరు దొరుకుతుంది. జింకను కొట్టినవాడికి దొరికేది ఒక్కటే, జైలు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, షికారు ముచ్చట అక్కడితో ముగిసింది. కృష్ణజింకనైతే ఒకటో షెడ్యూలులో పెట్టారు. దాన్ని చంపితే మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ దాకా. 1998లో రాజస్థాన్ కంకాణీ ఊరి దగ్గర జరిగిన వేటకు సల్మాన్ ఖాన్‌కు 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ళు వేసింది. తర్వాత బెయిలూ అప్పీలూ వేరే కథ. అంత పెద్ద హీరోకే తప్పనిది మనకు తప్పుతుందా?

అయినా ఈ చలికాలం మా ఇంట్లో రాత్రి కబుర్లన్నీ బందూకుల చుట్టే తిరుగుతున్నాయి. కారణం మా మేనల్లుడు. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు. ఆఫీసులో పక్క సీటు తెల్లాయన జింకల వేటకు రమ్మన్నాడట. వీడు ముందూ వెనకా చూడకుండా సరే అన్నాడు. ఆ తర్వాత నాకు ఫోను.

"మామా, దుర్భిణి బిగించిన బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనాలె. ఐదారు వందల డాలర్లల్ల అయిపోవాలె. నువ్వు ఆ పుస్తకాలన్నీ చదువుతవ్ కద, ఏది తీస్కోమంటవ్?"

నిజమే, తుపాకుల పుస్తకాలు చదివే పిచ్చి నాకుంది. లైసెన్సు లేదు, తుపాకీ లేదు, తీసుకునే ఉద్దేశమూ లేదు. మా ఊళ్ళో లైసెన్సు అంటే పోలీసు కమిషనర్ గారి దాకా పోవాలి. ఎందుకు కావాలో చెప్పాలి, వాళ్ళు ఇంటికొచ్చి విచారించాలి, తుపాకీ పట్టడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ చూపాలి. ఇన్నీ అయ్యాక ఎన్నికలొస్తే చాలు, ఆ తుపాకీని తీసుకుపోయి స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకోవాలి. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులు మించి ఉండకూడదు కూడా. అందుకే నాది కాగితం మీది షికారు. కానీ మేనల్లుడు అడిగాడంటే మామ పెద్దరికం ఊరుకుంటుందా?

"బేటా, రైఫిల్ సంగతి తర్వాత. ముందు నీ వీసా ఏంది?" అన్నాను.

"హెచ్ వన్ బీ మామా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

సంబంధం ఉంది. అమెరికాలో తుపాకీ కూరగాయల్లా కొనుక్కోవచ్చని మనవాళ్ళు అనుకుంటారు. గ్రీన్‌కార్డు ఉన్నవాడికి చాలావరకు అంతే. తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు మాత్రం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. స్నేహితుడి ఇంట్లో ఊరికే చేతిలోకి తీసుకున్నా చిక్కే. అయితే అందులోనే ఒక సందు ఉంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఆ నిషేధం వర్తించదు. అంటే మా వాడు ముందు కొనాల్సింది రైఫిల్ కాదు, వేట లైసెన్సు. టెక్సాస్‌లో దానికి ముందు ఇంకొకటుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట పాఠం చదివి పాసవ్వాలి. మా వాడు ఐఐటీ కోచింగ్ చదివినవాడు, ఈ పరీక్ష వాడికో లెక్కా? లెక్క కాకపోయినా రాయాలి. లైసెన్సు తేదీ దాటిపోతే తుపాకీ ఇంట్లో ఉండటమే నేరమవుతుంది కాబట్టి ఏటా దాన్ని గుర్తు పెట్టుకుని మార్చుకోవాలి.

"ఇంతకీ ఏ జింకను కొడతరంట?" అని అడిగాను.

"ఆయన రెండు పేర్లు చెప్పిండు మామా. తెల్లతోక జింక అయితే నవంబర్ నుంచి జనవరి దాకనే అంట. ఇంకోటి ఆక్సిస్ డీర్ అంట, దానికి సీజనే లేదంట, ఏడాదంత కొట్టచ్చంట."

నేను కాసేపు నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ ఆక్సిస్ డీర్ ఎవరనుకుంటున్నారు? మన చుక్కల దుప్పి! తెలంగాణ వచ్చాక మనం రాష్ట్ర జంతువుగా పెట్టుకున్నామే, అదే. 1932లో దాన్ని టెక్సాస్ రాంచ్‌ల్లోకి తీసుకుపోయి వదిలారు. కంచెలు దూకింది, కెర్విల్ వైపు కొండలూ గుట్టలూ అన్నిటా నిండిపోయింది. మన కృష్ణజింకా అక్కడుంది. మన మనుబోతు కింగ్ రాంచ్ మైదానాల్లో మందలు మందలుగా తిరుగుతోంది. అవి అక్కడి జంతువులు కావు కాబట్టి సీజనూ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. వేట లైసెన్సూ, భూమి యజమాని అనుమతీ ఉంటే చాలు.

ఇక్కడ మా ఇంటికి కాస్త దూరంలో, విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం దగ్గర, మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు అది నిజాంల షికార్‌గాహ్. 1975లో జింకల పార్కు చేశారు, తర్వాత నేషనల్ పార్కు అయింది. అదే జాతి జింకలు అక్కడ కంచె లోపల నిలబడి హైవే మీద బస్సులు లెక్కపెట్టుకుంటున్నాయి. ఇక్కడ వాటి మీద చెయ్యి వేస్తే కేసు, అక్కడ కొట్టకపోతే రాంచ్‌వాడికి కోపం, మేత అంతా అవే తినేస్తున్నాయని. మనదగ్గర కూడా పంటలు తినే జంతువుల గొడవ లేకపోలేదు. బీహార్‌లో మొకామా దగ్గర 2016లో మనుబోతుల్ని కొట్టడానికి సర్కారు పిలిపించింది హైదరాబాద్‌కు చెందిన షికారీ నవాబ్ షఫత్ అలీ ఖాన్‌నే. దాని మీద ఢిల్లీలో మంత్రులే ఒకరితో ఒకరు వాదులాడుకున్నారు. సరే, దారి తప్పుతున్నాను. కుంపటి దగ్గరికి కాస్త జరగండి, బందూకులోకి వద్దాం.

బోల్ట్ యాక్షన్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. మన పాత ఇళ్ళ తలుపు గడియ ఎలా పనిచేస్తుందో అలాగే. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా డొప్ప బయటపడుతుంది, ముందుకు తోసి కిందికి వంచితే కొత్త తూటా లోపలికి పోయి గడియ పడుతుంది. జర్మనీలో పాల్ మౌజర్ 1898లో తీర్చిదిద్దిన పద్ధతే ఇవాళ్టి దాకా చాలావాటికి మూలం. కదిలే భాగాలు తక్కువ, అందుకే చవకగా చేసినా గురి చెడదు. చవక రైఫిల్ కొనేవాడు పదికి తొమ్మిదిసార్లు బోల్ట్ యాక్షన్ వైపు పోవడానికి కారణం ఇదే.

"సావేజ్ ఆక్సిస్ అని ఒకటున్నది, దుర్భిణితో కలిపే అమ్ముతున్నరు. రూగర్ అమెరికన్ అని ఇంకోటి. మాస్‌బర్గ్ పేట్రియట్ అని మూడోది. ఎటూ తేలుత లేదు మామా."

తేలకపోవడానికి ఏముంది? మూడింట్లో ఏదైనా మా వాడికంటే బాగా కొడుతుంది. ఇదొక్కటి కొత్తగా కొనేవాళ్ళకు ఎవరూ చెప్పరు. మా తాతల కాలంలో ఖరీదైన రైఫిల్‌కూ చవక రైఫిల్‌కూ గురిలో తేడా నిజంగా ఉండేది. ఇప్పుడు యంత్రాలు గొట్టాలు కోసే తీరు మారిపోయింది. ఐదు వందల డాలర్ల రైఫిల్ కూడా వంద గజాల దగ్గర మూడు తూటాల్ని అంగుళం, అంగుళంన్నర వెడల్పులో పెడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఒక అన్నం పళ్ళెమంత ఉంటుంది. ఇంకేం కావాలి? డబ్బు ఎక్కువ పెడితే వచ్చేది నునుపైన బోల్టు, వాల్‌నట్ కొయ్య, పక్కవాడి ముందు చూపించుకునే మెరుపు. తక్కువ పెడితే ప్లాస్టిక్ కొయ్య. దాన్ని చేత్తో నొక్కితే కాస్త వంగుతుంది, చూడ్డానికి బొమ్మ తుపాకీలా ఉంటుంది. జింకకు ఆ సంగతి తెలీదు.

నేనైతే ఒక్కటే చూడమన్నాను, ట్రిగ్గర్. బరువైన ట్రిగ్గర్‌ను లాగేటప్పుడు తుపాకీ పక్కకు గుంజుకుంటుంది, గురి పోతుంది. సావేజ్ కంపెనీ ఈ శతాబ్దం మొదట్లో బరువు మనమే సర్దుకోగల ట్రిగ్గర్ తెచ్చి చవక రైఫిళ్ళ బజారునే తిప్పేసింది. ఆక్సిస్‌లో రెండో రకానికి అది ఉంటుంది, మొదటి రకానికి ఉండదు. కొద్ది డాలర్ల తేడా. ఆ తేడా పెట్టమన్నాను. రూగర్‌లో ఉన్న సుఖం వేరు. బోల్టు పిడిని తక్కువ ఎత్తితే చాలు కాబట్టి పైన బిగించిన దుర్భిణికి వేళ్ళు తగలవు. చలికి చేతి తొడుగులు వేసుకునేవాడికి అది పెద్ద సంగతే.

ఇక తూటా. ఇక్కడే మగవాళ్ళ బుద్ధి చెడుతుంది. "మామా, .300 మాగ్నమ్ తీస్కుంట, దూరం పోతది" అన్నాడు. "నీ భుజం ఎంత దూరం పోతదో అది ఆలోచించినవా?" అన్నాను. తన్ను ఎక్కువున్న రైఫిల్‌తో కొత్తవాడికి వచ్చే జబ్బు ఒకటే. ట్రిగ్గర్ లాగే ముందే కళ్ళు మూసుకుంటాడు. అది ఒకసారి ఒంటికి పట్టిందంటే వదిలించుకోవడానికి ఏళ్ళు పడుతుంది. జింకకు 1955లో వచ్చిన .243 చాలు, తన్ను చాలా తక్కువ. కొంచెం బరువైంది కావాలంటే .308 ఉంది, 1952 నుంచి నడుస్తోంది, ఏ పల్లెటూరి దుకాణంలోనైనా డబ్బాలు దొరుకుతాయి. ఈ మధ్య అందరూ మాట్లాడుకునే 6.5 క్రీడ్‌మోర్ రెంటికీ నడుమది. తన్నూ ఓర్చుకోదగ్గదే. దుప్పి మగది బాగా బలిసి ఉంటుంది కాబట్టి మా వాడికి .308 గానీ క్రీడ్‌మోర్ గానీ అని తేల్చాను. పాయింట్ టూ టూ మాటే ఎత్తవద్దన్నాను. అంచు మీద దెబ్బ పడి పేలే ఆ రకం తూటాతో తెల్లతోక జింకను కొట్టడం టెక్సాస్‌లో చట్టమే ఒప్పుకోదు.

జిమ్ కార్బెట్ సంగతి చెప్పాను వాడికి. 1907లో చంపావత్ పులిని చంపినందుకు ఆయనకు బహుమానంగా ఇచ్చింది .275 రిగ్బీ, అంటే మౌజర్ వాళ్ళ ఏడు మిల్లీమీటర్ల తూటా. ఇవాళ్టి మాగ్నమ్‌ల పక్కన పెడితే తన్ను తక్కువ, పేలుడూ తక్కువ. దానికి దుర్భిణి లేదు, బోల్టు ఉంది. మనుషుల్ని తినే జంతువుల వెనక ఏళ్ళ తరబడి దాన్నే మోసుకు తిరిగాడు. మన బొల్లారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ మాత్రం .405 వించెస్టర్ మోసేవాడు, అది బోల్టు కాదు, లీవరు. ఆయన భుజం ఏ ఇనుముతో చేశారో!

మనదేశంలో తూటాల కథ ఇంకో తమాషా. బ్రిటిష్‌వాళ్ళు తమ సైన్యం వాడే .303 తూటా జనం చేతికి రాకుండా కట్టడి చేశారు. దొంగిలించిన సైన్యం తూటాలు ఊళ్ళో తుపాకుల్లో పేలకూడదని. దాంతో ఇంగ్లాండు కంపెనీలు అదే లీ పద్ధతి రైఫిల్‌కు ఆస్ట్రియా వాళ్ళ ఎనిమిది మిల్లీమీటర్ల తూటా తగిలించి హిందుస్థాన్ కోసమే .315 అని పంపించాయి. స్వాతంత్ర్యం వచ్చాక మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు దాన్నే అందుకున్నాయి. మా పక్కింటి చచా చిన్నప్పుడు వాళ్ళ పెద్దల ఇంట్లో చూసింది అదే. "అయిదు తూటాలు పడతాయి, ఇనుప గురి. కంటికి కనబడితే కొట్టేది, కనబడకపోతే ఇంటికొచ్చేది" అంటాడు. దుర్భిణి అన్న మాట వింటేనే ఆయనకు చిరాకు. "జింక ముక్కు మీద ఈగను చూడాల్నా, జింకను చూడాల్నా?"

చచాతో నేను ఒప్పుకోను. జింకలు మేతకు వచ్చేది తెల్లవారుఝామున, మళ్ళీ పొద్దు వాలాక. ఆ మసక వెలుతురులో ఇనుప గురి కనబడదు, మంచి అద్దం ఉంటే చెట్టు ఏదో జింక ఏదో తెలుస్తుంది. దాని వెనక మనిషి ఉన్నాడేమో కూడా తెలుస్తుంది. అందుకే నా సలహా తలకిందులు. రైఫిల్‌లో మిగిల్చిన డబ్బు దుర్భిణిలో పెట్టాలి. రైఫిల్‌తో కలిపి వచ్చే దుర్భిణి మధ్యాహ్నం ఎండలో బాగానే ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి లోపలంతా బూడిద రంగు. మొదటి ఏడాది దానితో గడిపి, వచ్చే ఏడాది ఇంకొంచెం పెట్టి మార్చుకోవచ్చు. మూడు నుంచి తొమ్మిది రెట్లు, ముందు అద్దం నలభై మిల్లీమీటర్లు, అది చాలు. ఇరవై నాలుగు రెట్లు చూపించేది కొంటే బరువు మోయాలి, పైగా జింక దగ్గరికొస్తే అందులో దాని వెంట్రుకలు తప్ప ఇంకేం కనబడవు. అడవిలో తిరుగుతున్నంతసేపు నాలుగు రెట్ల దగ్గరే ఉంచమన్నాను.

దుర్భిణిని పట్టి ఉంచే కడియాలు, మరలు సరిగ్గా బిగించకపోతే వెయ్యి డాలర్ల అద్దమైనా దండగే. గురి తప్పుతోందని రైఫిల్‌ను తిట్టేవాళ్ళలో సగం మందికి మర వదులు. కంటికీ అద్దానికీ మధ్య మూడున్నర అంగుళాల దూరం వదలాలి. వదలకపోతే మొదటి తూటాకే కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంగా చీలుతుంది. మా వాడికి వచ్చే ఫిబ్రవరిలో పెళ్ళిచూపులున్నాయి, అందుకే ఈ మాట రెండుసార్లు చెప్పాను.

దుకాణంవాడు "గురి సర్దే పంపిస్తున్నాం" అంటాడు. నమ్మకూడదు. వంద గజాల దగ్గర కాగితం పెట్టి, ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి, తనే కొట్టి చూసుకోవాలి. దుర్భిణి మీద తిప్పే బిరడా ఒక్క టిక్కు అంటే సాధారణంగా వంద గజాల దగ్గర పావు అంగుళం. నాలుగు టిక్కులు తిప్పితే అంగుళం జరుగుతుంది. వంద గజాల దగ్గర అంగుళంన్నర పైకి తగిలేటట్టు పెట్టుకుంటే రెండు వందల గజాల దగ్గర ఇంచుమించు సూటిగా తగులుతుంది. టెక్సాస్ పొదల్లో చాలా జింకలు అంతకంటే దగ్గరే కనబడతాయట కాబట్టి, ఇక లెక్కలు అక్కర్లేదు. ముందుకాలి వెనక, ఒళ్ళు ఎత్తులో మూడో వంతు దగ్గర పెట్టి వదలడమే. తూటా కూడా మెత్తటి సీసం మొనది కావాలి, లోపలికి పోయి విచ్చుకునేది. గట్టి తొడుగుది అటు నుంచి ఇటు దూసుకుపోతుంది, జింక గాయంతో మైళ్ళు పరుగెత్తి ఎక్కడో పడిపోతుంది. అంతకంటే పాపం ఇంకోటి లేదని చచా, నేను ఒక్కటైన చోటు అదే.

అసలు ఖర్చు ఎక్కడంటే తూటాల దగ్గర. వేటకు పనికొచ్చే తూటా ఒక్కోటి డాలరున్నర, రెండు డాలర్ల మీదే. రైఫిల్ కొన్నాక డబ్బా తీసి, మూడు పేల్చి, బీరువాలో పెట్టేవాళ్ళే ఎక్కువ. సంవత్సరానికి ఓ నాలుగైదు డబ్బాలు కాగితాల మీద కాల్చేవాడు మొదటి జింకను కొడతాడు. నిలబడి, కూచుని, చెట్టుకు ఆనుకుని, అన్నీ కొట్టాలి. అంత డబ్బు పెట్టలేకపోతే ఒక పాయింట్ టూ టూ కొనుక్కుని దానితో సాధన చెయ్యవచ్చు, పైసల్లో పని అయిపోతుంది. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది గాలి రైఫిల్‌తో, పది మీటర్ల దూరంలో. ఊపిరి పట్టడమూ, వేలు మెల్లగా లాగడమూ ఎంత ఖరీదు తుపాకీకైనా అవే.

తూటాల తర్వాత కంటికి కనబడని ఖర్చు ఇంకొకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ షికారు ఫోటోలు మీరు చూసే ఉంటారు, ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ తీసినవి. 1902లో లార్డ్ కర్జన్ వచ్చినప్పుడు భార్యతో కలిసి చచ్చిన పులి వెనక నిలబడ్డ బొమ్మ ఒకటుంది. అందరూ పులిని చూస్తారు. నేను ఆ పులిని తుపాకీ ముందుకు తోలి తెచ్చిన జనాన్ని, డేరాలను, ఏనుగులను, వంటవాళ్ళను లెక్కేస్తాను. ఆ బొమ్మలో ఎక్కడా లేని ఖర్చంతా అదే. టెక్సాస్‌లోనూ అంతే. అక్కడ నూటికి తొంభై ఐదు పాళ్ళు భూమి సొంతదారులదే, రాంచ్‌లోకి అడుగు పెట్టాలంటే డబ్బు కట్టాలి. మంచి కొమ్ముల దుప్పి కావాలంటే మా వాడి రైఫిల్ ధరకు మూడింతలు అడుగుతారు. మా వాడు ఆ లెక్క విన్నాక కాస్త నెమ్మదించాడు. ఆడ దుప్పి అయితే చవక, మాంసం కూడా దానిదే మెత్తగా ఉంటుందని చచా వెనక నుంచి అందించాడు.

చివరికి సావేజ్ ఆక్సిస్ రెండో రకమే తీసుకున్నాడు, .308లో. నారింజ రంగు జాకెట్టూ, చెవులకు డొప్పలూ తీసుకోమన్నాను. దుకాణంలో వాళ్ళు మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, ఫోను చేసి పోలీసు రికార్డు చూసుకుని, వేట లైసెన్సు నకలు తీసుకుని ఇచ్చారట. ఇదంతా అరగంటలో అయిందని చెబితే చచా నమ్మలేదు.

మొన్న మళ్ళీ ఫోను. "మామా, దుప్పి కొట్టినంక కొమ్ములు తెస్త, మన దేవిడి గోడకు తగిలిద్దాం. తాత కాలంల ఉండె కద."

"అరె బేటా, ఆ పని చెయ్యకు" అన్నాను. ఇక్కడ తాతల కాలం కొమ్ములకే కాగితం కావాలి. 2003లో సర్కారు ఇంట్లో ఉన్నవన్నీ చెప్పుకోమని నూట ఎనభై రోజులు గడువిచ్చింది, అది దాటినవాళ్ళు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. శంషాబాద్ విమానాశ్రయంలో సూట్‌కేసు తెరిస్తే ఆ కొమ్ములు కెర్విల్‌వో అమ్రాబాద్‌వో ఎవరు చెప్పగలరు? రెండూ ఒకటే దుప్పి. కొమ్ములు అక్కడే మీ తెల్లాయనకు ఇచ్చేసి, మాంసం ముక్కలు కొట్టించి ఫ్రీజర్లో పెట్టుకోమన్నాను. దాల్చాలో వెయ్యాలా, దమ్ పెట్టాలా అని చచా గారి బేగంను అడిగి రాసి పంపిస్తాను, ఆవిడ ఎటూ రెండూ చెబుతుంది.